సహాయ పాత్రల కోసం ఆడిషన్ వీడియో: నల్గొండలో ఒక ఫొటో స్టూడియో పనితీరు

నల్గొండ పట్టణంలో పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు ఫొటోలు, వీడియోలు తీసే ఒక స్టూడియో కొంతకాలంగా మరో పని కూడా చేస్తోంది. సినిమాల్లో, సీరియళ్లలో, వెబ్ సిరీస్‌లలో సహాయ పాత్రలు వేయాలనుకునేవారికి ప్రొఫైల్ ఫొటోలు తీసి, ఆడిషన్ వీడియో తయారు చేసి ఇస్తోంది. పేరు రాస్తే 'చాన్సులు ఇప్పించే స్టూడియో' అనుకుని జనం వచ్చిపడతారని, తమ పని ఫొటోలు, వీడియోల వరకేనని యజమాని చెప్పినందున ఇక్కడ ఆ పేరు రాయడం లేదు. ఊళ్లో ఈ రంగంతో కాస్త పరిచయం ఉన్నవారు ఎటూ పోల్చుకుంటారు.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతూ, సెలవు రోజుల్లో సీరియళ్లలో చిన్న పాత్రలు వేస్తుంటాను. పెళ్లికూతురి పెదనాన్న, పంచాయతీలో కూర్చునే పెద్దమనిషి, బ్యాంకు మేనేజరు, ఆస్పత్రి వరండాలో కబురు చెప్పే బంధువు వంటివి నాకు వచ్చే పాత్రలు. జుట్టు నెరిసి, పాత ఫొటోలకూ నా ముఖానికీ పొంతన లేకుండా పోవడంతో కొత్త ప్రొఫైల్ కోసం ఈ స్టూడియోకు వెళ్లాను. ఆ తరువాత నటన మీద ఆసక్తి ఉన్న మా బావమరిదిని కూడా తీసుకువెళ్లాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీడియో విషయంలో వీరి పని నేను గతంలో హైదరాబాదులో చేయించుకున్న దానికంటే బాగుంది. ఫొటోల విషయంలో మాత్రం వీరికి పెళ్లి ఆల్బమ్ అలవాట్లు ఇంకా పోలేదు.

తీసుకునే సొమ్ముకు ఏమేమి ఇస్తారో ముందు చెబుతాను. క్లోజప్, నడుము వరకు ఒకటి, నిలువెత్తు ఒకటి, కుడి ఎడమ పక్కల నుంచి ఒక్కొక్కటి చొప్పున ఫొటోలు. పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, ఉండే ఊరు చెప్పే పరిచయ వీడియో. వేరువేరు స్వభావాలున్న రెండు చిన్న సన్నివేశాలు. అన్నింటికీ కలిపి మూడున్నర వేల రూపాయలు. సగం ముందు, సగం వీడియో చేతికి వచ్చాక కట్టాలి. పెళ్లికి ముందు జంటలను తోటల్లో తిప్పి తీసే షూటింగుకు ఇదే స్టూడియో తీసుకునే దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఆడవాళ్ల వెంట ఇంట్లో వాళ్లు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. తలుపు వేసి తీయడం అనేది లేదు. ఈ ఏర్పాటును నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను, ఎందుకంటే ఈ రంగంలోకి రావాలనుకునే ఆడపిల్లల తల్లిదండ్రులకు మొదట కలిగే భయం అదే.

స్టూడియో ముందు గదిలో గోడకు హీరోల పోస్టర్లు లేవు. ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి వెళ్లిన ముగ్గురి ఫొటోలున్నాయి: కాంతారావు, ఎం. ప్రభాకర్ రెడ్డి, వేణుమాధవ్. యజమాని ఈ ముగ్గురిని ఎంచుకోవడంలోనే ఆయనకు విషయం తెలుసని నాకు అర్థమైంది. ముగ్గురూ వేరువేరు దారుల్లో వెళ్లి సహాయ పాత్రల దగ్గర కలిసినవారు. కొత్తగా వచ్చినవారిని కెమెరా ముందు నిలబెట్టడానికి ముందు ఆయన ఈ ఫొటోలు చూపించి కాసేపు మాట్లాడతారు. ఆ మాటలు కూడా సేవలో భాగమే కాబట్టి వాటి మంచి చెడ్డలు చెప్పడం అవసరం.

ప్రభాకర్ రెడ్డి తుంగతుర్తి మనిషి. ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి డాక్టరయ్యారు. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది'తో సినిమాల్లోకి వచ్చి, 1997లో మరణించేదాకా వందల పాత్రలు వేశారు. నిటారైన మనిషి, కంచు గొంతు. ఆయన తెరమీదకు వస్తే పోలీసు అధికారైనా, జమీందారైనా, జడ్జియైనా ప్రేక్షకుడు సందేహించకుండా నమ్మేవాడు. సహాయ నటుడి ప్రధాన అర్హత ఇదే. హీరోను బట్టి కథను మార్చుకుంటారు, అవసరమైతే కొత్తగా రాయించుకుంటారు. సహాయ పాత్ర అలా కాదు. అది ముందే కాగితం మీద ఉంటుంది. దాని వయసు, కులవృత్తి, ఆస్తి, చుట్టరికం అన్నీ నిర్ణయమై ఉంటాయి. దానికి సరిపోయే మనిషి కోసం వెతుకుతారు. అందుకే మన ఫొటో చూసేవారు ఇతను అందంగా ఉన్నాడా అని చూడరు, ఇతను ఎవరిలా ఉన్నాడు అని చూస్తారు. యజమాని ఈ సంగతిని ప్రభాకర్ రెడ్డి ఫొటో చూపిస్తూ చక్కగా చెబుతారు. ఆయన నటనతో ఆగక కథలు రాశారనీ, 1972 నాటి 'పండంటి కాపురం' వంటి సినిమాల నిర్మాణంలోనూ ఉన్నారనీ, సినీ కార్మికుల ఇళ్ల కోసం పనిచేసినందుకే హైదరాబాదులోని చిత్రపురి కాలనీకి ఆయన పేరు పెట్టారనీ కూడా గుర్తుచేస్తారు.

వేణుమాధవ్ దారి వేరు. కోదాడ కుర్రవాడు; మిమిక్రీ చేస్తూ, చేతిలో బొమ్మను పట్టుకుని దానిచేత మాట్లాడిస్తున్నట్టు నమ్మించే విద్యతో పేరు తెచ్చుకున్నాడు. 1996లో 'సంప్రదాయం'తో తెరకెక్కి, 1998లో 'తొలిప్రేమ'తో ఇంటింటికీ తెలిశాడు, 2006లో 'లక్ష్మి' సినిమాకు నంది అవార్డు అందుకున్నాడు. 2019 సెప్టెంబరులో, ఏభై ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయాడు. సన్నగా, పొట్టిగా ఉన్న మనిషి హీరో పక్కన స్నేహితుడిగా నిలబడి, హీరో మాట పూర్తికాకముందే తన ముఖంలో నవ్వును సిద్ధం చేసుకునేవాడు. ఆ సమయజ్ఞానం స్టేజీ మీద వచ్చింది. నల్గొండ జిల్లాలో మిమిక్రీ నేర్చుకునే పిల్లలకు ఇప్పటికీ ఆయనే ఆదర్శం కాబట్టి, స్టూడియోకు వచ్చే కుర్రవాళ్లలో ఎక్కువమంది నాయకుల గొంతులు, హీరోల గొంతులు చేసి చూపించడానికే వస్తారు. యజమాని వాటిని ఓపికగా వింటారు, వీడియోలో మాత్రం పెట్టరు. ఆ నిర్ణయం సరైనది. అనుకరణ చూసి మెచ్చుకోవడం వేరు, అది చూసి ఒక అన్నయ్య పాత్ర ఇవ్వడం వేరు.

కాంతారావు దగ్గరకు వచ్చేసరికి యజమాని మాటల్లో ఒక లోపం కనిపించింది. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టి, మద్రాసు చేరి, 1953లో 'ప్రతిజ్ఞ'లో కథానాయకుడై, జానపద చిత్రాల్లో కత్తి తిప్పి 'కత్తి కాంతారావు' అనిపించుకున్న వైభవమంతా చెబుతారు. 1963 నాటి 'లవకుశ'లో సీతను అడవిలో విడిచివచ్చే లక్ష్మణుడిగా ఆయనను చూడమంటారు. అది నిజంగా మంచి పాఠం. ఆజ్ఞ రాముడిది, దుఃఖం సీతది. లక్ష్మణుడు ఆ రెండింటినీ మోయాలి, ఎవరినీ మించిపోకూడదు. అదే ఏడాది 'నర్తనశాల'లో కృష్ణుడిగానూ కనిపించారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే కాంతారావు సొంతంగా సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకున్నారని, ఒకప్పుడు రాకుమారుడిగా చూసిన జనానికే తరువాత చిన్నచిన్న పాత్రల్లో కనిపించవలసి వచ్చిందని యజమాని చెప్పరు. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఆ సగం కూడా చెప్పాలి. ఈ వృత్తిలో వయసు పెరిగేకొద్దీ పాత్ర మారుతుంది, పారితోషికం ప్రతిసారీ పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది. వచ్చినవారి ఉత్సాహం చల్లారుతుందని ఆయన భయం కావచ్చు. మూడున్నర వేలు తీసుకునేటప్పుడు ఆ మాట కూడా చెప్పడమే న్యాయం.

ఇక ఫొటోలు. కెమెరా మంచిదే, దీపాల ఏర్పాటూ బాగుంది. తప్పంతా కంప్యూటరు దగ్గర జరుగుతోంది. అక్కడ కూర్చునే కుర్రవాడు రోజూ పెళ్లికొడుకుల ముఖాలు దిద్దేవాడు కాబట్టి, చేతి అలవాటుగా నా ముఖం మీద కూడా అదే పని చేశాడు. నా కళ్ల కింది సంచులు మాయమయ్యాయి. నుదుటి మీది గీతలు చెరిగిపోయాయి. మీసంలో తెల్ల వెంట్రుకలన్నీ నల్లబడ్డాయి. ఒంటి రంగు రెండు పాళ్లు తేలింది. నేను చూస్తుండగానే ఎడమ చెంప మీది పుట్టుమచ్చ పోయింది. "సార్, మీరు పదేండ్లు చిన్నగ కొడుతున్రు" అని అతను సంతోషంగా అన్నాడు. నాకు వచ్చేవే పెదనాన్న పాత్రలు, ఆ పాత్రలు తెచ్చేవే ఆ గీతలు. పదేళ్లు తగ్గితే నేను ఎవరికీ పనికిరాను: హీరో అన్నయ్యకు ముసలివాడిని, తండ్రికి పడుచువాడిని.

ఇది ఒక్క నా సమస్య కాదు. ఫొటో చూసి పిలిపించిన మనిషి ఎదురుగా వచ్చేసరికి వేరేలా ఉంటే కాస్టింగ్, అంటే పాత్రలకు మనుషుల ఎంపిక, చూసే అసిస్టెంటుకు మాట వస్తుంది, అతను మళ్లీ ఆ నంబరుకు ఫోన్ చేయడు. అందుకే ఒరిజినల్ ఫొటోలు కావాలని గట్టిగా అడిగి తీసుకున్నాను. అడిగితే ఇచ్చారు, విసుక్కోలేదు. కానీ అడగడం తెలియనివారికి దిద్దిన ఫొటోలే వెళ్తున్నాయి. మా బావమరిదికి వేసిన నీలం తెర, దాని మీద కృత్రిమంగా కలిపిన మబ్బులు కూడా ఇదే కోవలోవి. వెనుక ఖాళీ గోడ చాలు. ఆడపిల్లల ఫొటోల్లో ఈ దిద్దుడు ఇంకా ఎక్కువగా ఉంది. చామనఛాయ పిల్లలను తెల్లబరచడం చూసి నాకు బాధ కలిగింది. ఇంటి మనుషుల్లా, పల్లె మనుషుల్లా కనిపించే ముఖాల కోసం దర్శకులు వెతుకుతున్న కాలంలో ఆ ముఖాలను చెరిపి ఇవ్వడం డబ్బు తీసుకుని నష్టం చేయడమే.

వీడియో గది స్టూడియో వెనుక ఉంది. బూడిద రంగు గోడ, ఒక స్టూలు, కిటికీకి మందపాటి దుప్పటి. రికార్డింగు మొదలయ్యేటప్పుడు ఫ్యాను ఆపేస్తారు, ఎందుకంటే ఫ్యాను చప్పుడు కాలర్ మైకులో పడుతుంది. చొక్కా తడిసిపోతుంది కానీ మాట శుభ్రంగా వస్తుంది. కెమెరా మన కంటి ఎత్తులో ఉంటుంది. చాలాచోట్ల కెమెరాలోకే చూస్తూ డైలాగు చెప్పమంటారు. ఇక్కడ అలా కాదు. పరిచయం చెప్పేటప్పుడు మాత్రమే లెన్సు వైపు చూడాలి. సన్నివేశంలో ఎదుటి పాత్ర మాటలు చదివే ఆమె లెన్సు పక్కనే కూర్చుని ఉంటారు, ఆమె వైపు చూస్తూ మాట్లాడాలి. అప్పుడు చూపు కెమెరాకు దగ్గరగా ఉంటుంది, కళ్లు రెండూ కనిపిస్తాయి, ఎవరితోనో నిజంగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఆ ఎదుటి పాత్ర చదివే ఆమె యజమాని వదినగారు, ఒక ప్రైవేటు బడిలో ఉపాధ్యాయిని. ఈ స్టూడియోలో అన్నిటికంటే విలువైనది ఏమిటని అడిగితే నేను కెమెరా పేరు చెప్పను, ఆమె చదివే తీరు చెబుతాను. ఇతర చోట్ల ఎదుటి మాటలను కరెంటు బిల్లు చదివినట్టు చదివి వదిలేస్తారు, వాటికి బదులు చెప్పే నటుడు తనంతట తానే కోపాన్నో ఏడుపునో తెచ్చుకోవాలి. ఈమె మాత్రం నిజంగా అడుగుతారు, నిజంగా ఆగుతారు. మా బావమరిది సన్నివేశంలో తమ్ముడు పొలం అమ్ముకుని వచ్చి అన్నకు చెప్పాలి. రెండో టేకులో ఆమె తన వంతు మాట వెంటనే చెప్పకుండా కాసేపు అతని వైపే చూస్తూ ఊరుకున్నారు. అతను తడబడి, కింది పెదవి తడి చేసుకుని, చూపు నేలకు దించి, తిరిగి ఎత్తాడు. ఆ దించి ఎత్తిన చూపే వీడియోలో అతను చేసిన అసలు నటన. ఆ టేకునే ఉంచారు.

దీని తరువాత వీరు చేసే మరో పని నేను ఇంకెక్కడా చూడలేదు. అదే సన్నివేశాన్ని ఈసారి మనకు మాటలు లేకుండా తీస్తారు. ఎదుటివారు మాట్లాడుతుంటారు, మనం వినాలి, అంతే. సీరియల్లో పనిచేసినవారికి దీని విలువ తెలుస్తుంది. సీరియల్లో అత్త ఒక మాట అనగానే హాల్లో నిలబడిన అందరి ముఖాల మీదికీ కెమెరా వరుసగా వెళ్తుంది. కొడుకు, కోడలు, ఆడపడుచు, పక్కింటి ఆమె, చివరకు తలుపు దగ్గర నిలబడిన పనిమనిషి. సహాయ నటుడి రోజులో సగం ఆ రియాక్షన్ షాట్లతోనే గడుస్తుంది. డైలాగు వచ్చినా, చాలా సీరియళ్లలో అసిస్టెంటు పక్కనుంచి అందిస్తుంటే విని చెప్పడమే పద్ధతి; పేజీలకు పేజీలు కంఠస్థం చేసినవాడి కంటే చెవిన పడిన మాటను తన మాటగా మార్చుకోగలిగినవాడికి అక్కడ పని దొరుకుతుంది. కొత్తవారికి ఈ రెండు సంగతులూ తెలియవు. విన్నప్పుడు ముఖంలో ఏమీ చూపలేకపోవడం, లేదా విన్న ప్రతి మాటకూ కళ్లు పెద్దవి చేయడం వారిలో సాధారణంగా కనిపించే దోషాలు. మాటలు లేని ఆ టేకు చూసుకున్నాక తమ దోషం ఏమిటో వారికే తెలుస్తుంది.

నేను ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు చిందు భాగోతం ఆడే ఒక పెద్దాయన వచ్చారు. ఆయన గొంతు ఊరి చివరి అరుగు దాకా వినిపించడానికి అలవాటుపడిన గొంతు. మొదటి వాక్యానికే మైకులో శబ్దం పగిలిపోయింది. యజమాని టేకు ఆపి, "కాకా, మైకు నీ అంగికే ఉన్నది. ఈ అక్కకు ఒక్కదానికే చెప్పు, పక్కింటోళ్లకు ఇనిపియ్యద్దు" అన్నారు. పెద్దాయన నవ్వి, ఆమె చేతికి టీ గ్లాసు ఇప్పించి, ఆమె తాగుతుంటే అదే మాటను మెల్లగా చెప్పారు. చేతులు మాత్రం ఊరుకోలేదు. భాగోతంలో అర్థం చెప్పే చేతులు కనుక, మాట తగ్గినకొద్దీ అవే మాట్లాడాయి. చేతులు కట్టుకుని చెప్పమని యజమాని సలహా ఇచ్చారు. ఈ ఒక్కచోట ఆయనతో నేను ఏకీభవించను. ఆ చేతులను నిలువెత్తు ఫ్రేములో తీసి ఉంటే, పల్లె కథ తీసే దర్శకుడెవరైనా వాటి కోసమే ఆయనను పిలిచేవారు. నటుణ్ణి కెమెరాకు తగ్గించడం అవసరమే, కానీ అతను వెంట తెచ్చుకున్న విద్యకు కనీసం అరనిమిషమైనా చోటివ్వాలి.

రెండు సన్నివేశాల్లో ఒకటి మన ఇంటి మాటలో, మరొకటి పుస్తక భాషకు దగ్గరగా ఉండే మాటలో చేయించడం వీరి నియమం. దీని వెనుక చరిత్ర ఉంది. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో రాజకీయ నాయకుడిగా చెలరేగారు. ఆయన కృష్ణా జిల్లా కంకిపాడు మనిషి, బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చినవారు. 2025 జులైలో మరణించేదాకా సహాయ నటుల్లో ఆయనను మించినవారు తక్కువ. తెలంగాణ శకుంతల పుట్టుక మహారాష్ట్రకు చెందినది, పేరు మాత్రం మన యాసతోనే నిలిచిపోయింది. ఇద్దరూ గొప్ప నటులే. అయితే చాలాకాలం ఈ యాసను తెరమీద దుర్మార్గుడికో, నవ్వించేవాడికో, గయ్యాళికో మాత్రమే ఇచ్చారు, చాలాసార్లు ఇక్కడివారు కాని నటులకు ఇచ్చారు. 2023లో వచ్చిన 'బలగం' తరువాత ఆ అలవాటు బాగా సడలింది. ఆ సినిమా తీసిన వేణు ఎల్దండి స్వయంగా 2007 నాటి 'మున్నా' వంటి సినిమాల్లో చిన్న హాస్య పాత్రలు వేసి, టీవీలో 'జబర్దస్త్' చేసి వచ్చినవాడు. తాత, మామ, మేనత్త పాత్రలకు పెద్దగా ఎవరికీ తెలియని ముఖాలను తీసుకొచ్చి నిలబెట్టాడు. ఇప్పుడు ఈ యాసలో ఏడవగలిగే, బతిమాలగలిగే, చావు దగ్గర గుసగుసలాడగలిగే పెద్దవయసు మనుషుల కోసం కాస్టింగ్ వాళ్లు అడుగుతున్నారు. నల్గొండలో కూర్చున్న స్టూడియో ఈ అవసరాన్ని గుర్తించడం మెచ్చుకోదగిన విషయం.

గుర్తించింది కానీ పూర్తిగా కాదు. ఇక్కడికి పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు నుంచి, నాగర్‌కర్నూల్, అచ్చంపేటల నుంచి కూడా వస్తున్నారు, ఎందుకంటే దగ్గరలో ఇలాంటి సేవ వారికి లేదు. వారి మాట తీరు వేరు, సాగదీసే తీరు వేరు. స్టూడియో దగ్గర ఉన్న సన్నివేశాలన్నీ నల్గొండ మాటలో రాసినవే. అచ్చంపేట ప్రాంతం నుంచి వచ్చిన ఒక ఆమె వాటిని చదువుతూ తన మాటకూ కాగితం మీది మాటకూ మధ్య నలిగిపోవడం చూశాను. కాగితం పక్కన పెట్టి విషయం మాత్రం చెప్పి, "మీ ఇంట్ల అయితే ఎట్లంటరో అట్లనే అనుండ్రి" అంటే సరిపోయేది.

అసలు ఆ సన్నివేశాల రాతలోనే బలహీనత ఉంది. మగవాళ్లకు ఇచ్చేవన్నీ కోపంతో అరిచే తండ్రులు, ఆడవాళ్లకు ఇచ్చేవన్నీ ఏడ్చే తల్లులు. నిజానికి సహాయ నటుడికి మొదటి కొన్నేళ్లు దొరికేది అరుపూ కాదు, ఏడుపూ కాదు, ఒక్క వాక్యం. "అమ్మగారూ, లాయర్ గారు వచ్చారు", "బిల్లు కౌంటర్లో కట్టండి", "సర్పంచి ఊళ్లో లేడు". ఆ ఒక్క వాక్యాన్ని సన్నివేశం వేగం చెడకుండా, తాను అతిగా కనిపించకుండా, అయినా ఒక మనిషిగా కనిపిస్తూ చెప్పడం ఎంత కష్టమో చేసినవారికి తెలుసు. నేను ఒక ఆస్పత్రి సన్నివేశంలో గ్లూకోజు సీసా అయిపోయిందని చెప్పడానికి ఆరు టేకులు తీసుకున్నవారిని చూశాను. ఇలాంటి ఒంటి వాక్యాలు నాలుగైదు రాసి పెట్టుకుని ప్రతివారితో చేయించమని యజమానికి సూచించాను. ఆయన రాసుకున్నారు.

చాన్సుల గురించి వీరు ఏమీ చెప్పకపోవడం నాకు నచ్చింది. డబ్బు కడితే పాత్ర ఇప్పిస్తామనే కో-ఆర్డినేటర్లు ఎందరో ఉన్నారు. పాత్రకు తీసుకునే సంస్థ నటుడికి డబ్బు ఇస్తుందే తప్ప నటుడి దగ్గర రిజిస్ట్రేషన్ పేరుతో తీసుకోదని స్టూడియో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. పని దొరికిన తరువాత ఎలా ఉంటుందో చెప్పే ఒక కాగితం కూడా ఇస్తారు. అది క్లుప్తంగా, ఉపయోగకరంగా ఉంది. సీరియళ్లలో చిన్న పాత్రలకు బట్టలు తరచుగా మనవే తీసుకెళ్లాలి, సన్నివేశం తరువాతి భాగం ఎప్పుడు తీస్తారో తెలియదు కాబట్టి వేసుకున్న చొక్కా, వాచీ, బొట్టు గుర్తుపెట్టుకోవాలి, సెట్లో ఫొటో తీసి పెట్టుకోవాలి అని అందులో ఉంది. నేను అయితే ఇంకొకటి చేర్చేవాణ్ణి: రోజువారీ లెక్క పని ఒప్పుకునే ముందే సొమ్ము ఏ తేదీన ఇస్తారో అడిగి, వాట్సాప్‌లో రాయించుకోవాలి. ఒక నిర్మాణ సంస్థ నాకు నెలల తరబడి తిప్పించి ఇచ్చింది.

నల్గొండవారికి దూరం పెద్ద అడ్డంకి కాదని కూడా ఆ కాగితంలో ఉంది. ఇది నిజమే. రామోజీ ఫిల్మ్ సిటీ హైదరాబాదుకు మన వైపే ఉంది; నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రహదారి ఎక్కి చిట్యాల, చౌటుప్పల్ దాటితే నగరంలోకి వెళ్లకుండానే చేరుకోవచ్చు. పొద్దున ఏడుకు రమ్మన్నా తొలి బస్సుల్లో బయలుదేరవచ్చు. అన్నపూర్ణ స్టూడియోలోనో, అమీర్‌పేట సారథి స్టూడియోలోనో షూటింగ్ అయితే మాత్రం ముందు రాత్రే బంధువుల ఇంట్లో దిగాలి. మహబూబ్‌నగర్ వారికి ఈ సౌకర్యం కూడా లేదు, వారు నగరం మీదుగానో, చుట్టు తిరిగో ఇటు రావాలి.

హైదరాబాదులో నటన నేర్పే సంస్థల్లో నెలల తరబడి చేరడానికి ఇది ప్రత్యామ్నాయం కాదు. ఇక్కడ నటన నేర్పరు. ఉన్నదాన్ని చూపించడంలో సాయపడతారు. హైదరాబాదులో సినిమా జనం ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో ప్రొఫైల్స్ తీసేవారితో పోలిస్తే ఇక్కడ సొమ్ము తక్కువ, ఓపిక ఎక్కువ. ఇంట్లో మంచి ఫోను, ఖాళీ గోడ, ఎదుటి మాటలు ప్రాణం పెట్టి చదివే మనిషి ఉన్నవారికి ఈ స్టూడియో అవసరమే లేదు. ఆ మూడో వసతి మాత్రం చాలామందికి ఉండదు. నలభై దాటి, ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ తండ్రి, మామ, అత్త, సర్పంచి పాత్రల వైపు చూస్తున్నవారికి దీన్ని సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. హీరో కావాలనుకుని వచ్చే కుర్రవాళ్లు ఆ డబ్బును దాచుకోవడం మంచిది.

వెళ్లేవారు ఆషాఢంలోనో, మూఢం రోజుల్లోనో వెళ్లాలి. ముహూర్తాలు ఉన్నప్పుడు స్టూడియో అంతా పెళ్లిళ్ల మీద ఉంటుంది, వదినగారు దొరికినా కెమెరా దొరకదు. వదినగారికి బడి ఉంటుంది కాబట్టి ఆదివారమో, సాయంత్రం ఐదు తరువాతో అడగండి. గీతల చొక్కాలు వద్దు. ఒక పంచె, ఒక ప్యాంటు చొక్కా, రోజూ పెట్టుకునే కళ్లద్దాలు తీసుకెళ్లండి. గడ్డం కొత్తగా గీసుకోకుండా వెళ్లి ముందు ఉన్నట్టే తీయించుకుని, తరువాత గీసుకుని మళ్లీ తీయించుకుంటే రెండు రకాల ఫొటోలు వస్తాయి, దానికి అదనంగా తీసుకోరు. ఫొటోలు దిద్దవద్దని బిల్లు రాసేటప్పుడే చెప్పి, ఆ మాట బిల్లు మీద రాయించండి. వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ మసకబారుతుంది కనుక డాక్యుమెంటుగా పంపమనండి, పెన్‌డ్రైవ్‌లో మరో కాపీ తీసుకోండి. మాటలు లేని ఆ టేకును అడగకపోతే ఇవ్వరు, అభ్యాసం కోసమే తీశామంటారు. అడిగి తీసుకుని, పంపేటప్పుడు పరిచయ వీడియో తరువాత దాన్నే ముందు పెట్టండి.